కేస్ స్టడీ: లిఫ్ట్ చేసిన జిప్సీ, దానంతట అదే తిరిగే స్టీరింగ్

వరంగల్ ఆటోనగర్ దిక్కు నాకు చిన్న షెడ్డు ఉంది, సస్పెన్షన్, స్టీరింగ్, అలైన్‌మెంట్ పనులే చేస్త, ఇంజన్ జోలికి పోను. ఈ కేసు ఎందుకు రాస్తున్ననంటే, ఇట్ల లిఫ్ట్ చేసిన, అంటే బాడీ ఎత్తు పెంచిన బండ్లు ఈ మధ్య నెలకొకటి వస్తున్నయి, అందరిదీ ఒకటే ప్రశ్న, అన్నా తక్కువల స్టీరింగ్ లింకేజ్, అంటే స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే రాడ్లు, ఏది మంచిది అని. ఈ బండి మీద నేను రెండుసార్లు తప్పు దారి పట్టిన, మూడోసారికి గాని పని కుదరలే, అందుకే మొత్తం రాస్తున్న. మనిషి పేరు, ఊరు పేరు, బండి నంబరు, రంగు ఏదీ రాయను.

ఓనరు ములుగు దిక్కు మిర్చి రైతు, ముప్పై ఏండ్ల పోరడు. చేను వాగు అవతల ఉంటది, వానాకాలం ట్రాక్టర్ తప్ప ఇంకేదీ పోదు. పంట టైంల ఎనుమాముల మార్కెట్‌కి వచ్చిపోతడు, ఆదివారాలు దోస్తులతో తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు తిరుగుతడు. బండి మారుతీ జిప్సీ, 1.3 లీటర్ ఇంజన్ది, పవర్ స్టీరింగ్ లేదు. ముందు వెనక రెండూ సాలిడ్ యాక్సిల్‌లే, అంటే రెండు చక్రాలకి కలిపి ఒకటే గట్టి ఇరుసు, రెండిటికీ కమాను కట్టలే. బయట దేశాల్ల ఇంచుమించు ఇదే బండిని సమురాయ్ అంటరు, అక్కడ వీటిని లిఫ్ట్ చేసినోళ్లు మస్తుమంది ఉన్నరు, కాబట్టి ఈ రోగం కొత్తది కాదు.

నా దగ్గరికి రాకముందే వేరే ఊర్ల లిఫ్ట్ చేయించిండు. కట్టలు మామూలుగ యాక్సిల్ కింద ఉంటయి, వాటిని యాక్సిల్ మీదికి ఎక్కించిన్రు, అది చాలదన్నట్టు కట్ట కొసని చాసిస్‌కి పట్టే పట్టీలు, అదే షాకిల్స్, రెండు ఇంచులు పొడుగువి కూడా పెట్టిన్రు. కంపెనీ టైరు 205/70 ఆర్15 తీసి 235/75 ఆర్15 ఎక్కించిన్రు, అంటే టైరు ఎత్తు 668 మిల్లీమీటర్ల నుంచి 733కి పోయింది. చూస్తే బండి మస్తు కనవడుతది, అది నేను కాదనను. కాని స్టీరింగ్ లింకులు మాత్రం ఒక్కటి కూడా ముట్టుకోలే, కంపెనీవి కంపెనీవే వదిలేసిన్రు.

బండి తెచ్చిన రోజు వాళ్ల నాయిన కూడా వచ్చిండు. పెద్దమనిషి కుర్చీల కూసొని, "బిడ్డా, ఈ బండి ఎక్కాలంటే భయమైతాంది, గుంత వస్తే అది పోయే దిక్కే పోతది, వీడు తిప్పే దిక్కు పోదు" అన్నడు. ఇంతకన్న సక్కగ ఏ మెకానిక్ కూడా చెప్పలేడు. కొడుకు చెప్పిన కంప్లైంట్లు మూడు. గుంతల పడ్డప్పుడు స్టీరింగ్ చేతుల్లకెళ్లి ఒక పక్కకి గుంజుతది, హైవే మీద 55 దగ్గర ఎగుడుదిగుడు తాకితే ముందు చక్రాలు దడదడ ఊగి బ్రేక్ కొట్టి స్లో చేస్తే గాని ఆగవు, ఇంకోటి స్టీరింగ్ మలిపినంక దానంతట అది మళ్లీ నిటారుకి రాదు. అప్పటికే ఊగుడుని అణిచే పెద్ద స్టీరింగ్ డ్యాంపర్ పెట్టించిండు, మూడుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ చేయించిండు, రెండు ముందు చక్రాలని కలిపే టై రాడ్‌కి కొసల జాయింట్లు, అదే టై రాడ్ ఎండ్లు, మార్పించిండు, 14 వేల దాక ఒడిసినయి. ఒకాయన పవర్ స్టీరింగ్ ఎక్కిస్తే అంతా సెట్ అయితదని 48 వేలు చెప్పిండట. పోరడు లావు టై రాడ్ ఒకటి వేయమని అడగడానికి వచ్చిండు, పాతది సన్నగ ఉంది కాబట్టి ఊగుతుందని ఎవరో చెప్పిన్రు.

బండి ముట్టుకునే ముందు ఒక మాట చెప్పిన. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీల ఉన్నదానికి, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు, 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, రేపు ఏదన్న అయితే ఇన్సూరెన్స్ దగ్గర కూడా లొల్లి అయితది. అందుకని నా మొదటి సలహా, కట్టలు మళ్లీ కిందికి దించి స్టాక్‌కి తెద్దామని. ఒప్పుకోలే. అట్లని పంపించేస్తే అదే బండిల అదే నాయినను ఎక్కించుకొని అదే రోడ్డు మీద పోతడు, అది నాకు మనసున పట్టలే. ఆర్టీవో సంగతి నువ్వు చూసుకోవాలె తమ్మీ, స్టీరింగ్ సంగతి నేను చూస్త అని పని పట్టిన.

ముందుగాల చేసింది చాక్‌పీసు పరీక్ష, దీనికి పైసా ఖర్చు లేదు కాబట్టి వివరంగ రాస్త. బండిని చదును గచ్చు మీద పెట్టి, స్టీరింగ్ వీల్‌ని కదలకుంట సీటుకి బెల్టుతో కట్టేసి, ముందు చక్రం పక్కన టైరుకి సమానంగ గచ్చు మీద గీత గీసినం. తర్వాత షెడ్డుల ఉన్న నలుగురు పోరలని ముందు బంపర్ మీదికి ఎక్కి ఊపమన్న. స్టీరింగ్ కట్టేసి ఉంది, ఎవరూ తిప్పుతలేరు, అయినా బండి కిందికి దిగినప్పుడల్లా టైరు గీత నుంచి పక్కకి తిరిగి మళ్లీ వస్తుంది. వాళ్ల నాయిన కుర్చీల నుంచి లేచొచ్చి వంగి చూసిండు. ఆయన చెప్పిన మాట అక్కడ గచ్చు మీద కనవడ్డది.

కారణం ఇది. స్టీరింగ్ బాక్స్, దాని నుంచి వచ్చే చేయి అంటే పిట్‌మన్ ఆర్మ్ చాసిస్‌కి ఉంటయి, చక్రంతోని పాటు తిరిగే నకిల్ యాక్సిల్ కొసకి ఉంటది, రెండిటినీ కలిపేది డ్రాగ్ లింక్. మన దగ్గర బాక్స్ కుడి దిక్కు ఉంటది, లింక్ ఎడమ చక్రం దాక పోతది. లిఫ్ట్ చేస్తే చాసిస్ పైకి పోయింది, బాక్స్ దానితోపాటే పైకి పోయింది, యాక్సిల్ కిందనే ఉంది, ఇగ లింక్ ఏటవాలుగ పడ్డది. ఈ బండికి కొలిస్తే లింక్ పొడుగు 800 మిల్లీమీటర్లు, రెండు చివరల మధ్య ఎత్తు తేడా 180, అంటే దగ్గర దగ్గర 13 డిగ్రీలు. స్టాక్ జిప్సీ ఒకటి షెడ్డుల ఉంటే దానికి కూడా కొలిచిన, తేడా 50 మాత్రమే. లెక్క వేసి చూపించిన: యాక్సిల్ 50 మిల్లీమీటర్లు పైకి వచ్చిందనుకుంటే స్టాక్ బండిల లింక్ చక్రం దిక్కు తోసేది ఒకటిన్నర మిల్లీమీటర్ చిల్లర, ఈ బండిల దగ్గర దగ్గర 10 మిల్లీమీటర్లు. నకిల్ మీది స్టీరింగ్ ఆర్మ్ 150 మిల్లీమీటర్లు ఉంటే 10 మిల్లీమీటర్లు అంటే చక్రం నాలుగు డిగ్రీల దాక తిరుగుడు. నిచ్చెన గోడకి ఏటవాలుగ ఆనించి ఉంటే పైకొస ఒక అడుగు దిగేసరికి కింది కాళ్లు ఎంత దూరం జరుగుతయో చూసే ఉంటరు, ఇది కూడా అంతే. ఇండ్ల లావు సన్నం ముచ్చటే లేదు, టై రాడ్ ఎంత లావుది వేసినా వాలు వాలే ఉంటది.

అయితే ఊగుడు సంగతి వేరే. కోణం ఒక్కటే కారణమైతే గుంతల్లనే గుంజాలె, ఒకసారి మొదలైనంక ఆగకుంట దడదడ ఊగొద్దు. కాబట్టి లింక్ కంటే ముందు లూజులు చూద్దామని నిర్ణయించుకున్న, ఎందుకంటే లూజు ఉన్న బండికి కొత్త లింక్ వేస్తే తర్వాత ఏది పని చేసిందో ఏది చేయలేదో తెల్వదు. నకిల్‌లకి ఉన్న లింకులు విప్పి, సీళ్లు తీసి, స్ప్రింగ్ బ్యాలెన్స్‌తో గుంజి చూస్తే కిలో నుంచి రెండు కిలోల లోపు బరువు పట్టాల్సింది ఎడమది 400 గ్రాములకే తిరిగింది. నకిల్ తిరిగే కీలు అంటే కింగ్ పిన్, దాని బేరింగ్ కప్పు బయటికి తీసి గుడ్డతో తుడిచి వెలుతురుకి పెడితే లోపల రోలర్ల అచ్చులు వరుసగ పడి ఉన్నయి, గోరుతో తడిమితే టకటక తగులుతున్నయి. నాలుగు బేరింగ్‌లు, సీళ్లు కొత్తవి వేసి షిమ్‌లతో, అంటే పలుచటి రేకులతో, టైట్ సెట్ చేసినం, 5,200 అయినయి.

క్యాస్టర్, అంటే కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం, కొలిస్తే అర డిగ్రీ దగ్గర ఉంది. ఈ బండికి మూడు, మూడున్నర ఉండాలె, అది లేకనే స్టీరింగ్ నిటారుకి వస్తలేదు, ఊగుడికి కూడా అదే జత అయింది. ఇక్కడ నేను మొదటి తప్పు చేసిన. క్యాస్టర్ తక్కువుంది కదా అని కట్టకి, యాక్సిల్‌కి మధ్యల మూడు డిగ్రీల వాలు ముక్కలు పెట్టిన, అల్యూమినియంవి నలుగుతయని స్టీల్‌వే తెప్పించిన, 1,400. క్యాస్టర్ ఎందుకు తగ్గిందని ఒక్క నిమిషం ఆలోచించలే. పెట్టినంక స్టీరింగ్ వెనక్కి తిరిగిరావుడు మొదలైంది, 55 దగ్గర ఊగుడు పోయింది, కాని ముందు డిఫ్, అంటే యాక్సిల్ నడుమ ఉండే గేర్ల గుండు, దాని మూతి కిందికి దిగి ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ కోణం పెరిగింది. రోడ్డు మీద ముందు చక్రాల హబ్బులు ఫ్రీల ఉంటయి, ముందు షాఫ్ట్ తిరగదు కాబట్టి తెల్వలే, చేను దిక్కు ఫోర్ వీల్ వేస్తే సన్నగ వణుకు వచ్చింది.

గుంతల గుంజుడు మాత్రం అట్లనే ఉంది. వారం తర్వాత వచ్చి, "అన్నా సగం బాగైంది, ఆ మిగతా సగం కూడా తక్కువల చేయి, జాతర ముందు నాకు బండి కావాలె" అన్నడు. మేడారం జాతర అంటే ములుగు దిక్కోళ్లకి ఎట్ల ఉంటదో తెలుసు కదా, ఇంటిల్లిపాది, సామాను, బెల్లం అన్నీ ఆ బండిలనే పోవాలె. తొందర పెట్టిండు, నేను కూడా తొందరపడ్డ.

అప్పుడు నా ముందు ఉన్న దారులు ఇవి. ఒకటి, కిందికి దిగి ఉండే డ్రాప్ పిట్‌మన్ ఆర్మ్, 3,800, ఒక పూట పని. రెండు, జెడ్ అక్షరం తీరుగ వంచిన డ్రాగ్ లింక్, చివరలు సమానంగ వస్తయి కాని వంపు ఉన్న రాడ్ బరువు పడితే స్ప్రింగ్ తీరుగ సాగుతది, స్టీరింగ్ తిప్పినంక జర ఆగి చక్రం తిరుగుతది, అది నాకు నచ్చలే. మూడు, నకిల్ మీద ఎత్తు ఆర్ములు బిగించి టై రాడ్, డ్రాగ్ లింక్ రెండూ కట్టల మీదుగ తీసుకపోవుడు, ఇది సరైన పద్ధతి కాని ఖర్చు ఎక్కువ, వారం రోజుల పని. నాలుగు, ఆ 48 వేల పవర్ స్టీరింగ్, అది చేతికి అల్కగ చేస్తది గాని లింక్ వాలుని ముట్టుకోదు, గుంత కొట్టే దెబ్బని చేతికి తెల్వకుంట దాస్తది, అంతే. డ్యాంపర్ కూడా ఇదే కథ, జబ్బు ఉండంగనే నొప్పి గోలీ వేసుకున్నట్టు.

తక్కువ ఖర్చు, తక్కువ టైం అని డ్రాప్ ఆర్మ్ వేసిన. లెక్క వేయకుంట వేసిన. తర్వాత లెక్క వేస్తే, ఆర్మ్ 50 మిల్లీమీటర్లు దించితే ఎత్తు తేడా 180 నుంచి 130కి వచ్చింది, తోసుడు 10 నుంచి ఆరున్నరకి తగ్గింది, స్టాక్ ఒకటిన్నరకి అది ఇంకా నాలుగింతలు. ముందే కాగితం మీద రాసి ఉంటే ఆ 3,800 పెట్టనిచ్చేవాన్నే కాదు.

ఖర్చు కంటే పెద్ద నష్టం ఇంకోటి. మూడు వారాలకి బండి వచ్చింది, స్టీరింగ్ బాక్స్ కింద, పిట్‌మన్ ఆర్మ్ బిగించే సెక్టర్ షాఫ్ట్ సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ. ఆర్మ్ చివర కిందికి దిగితే లింక్ తోసే బలం షాఫ్ట్‌ని తిప్పుడే కాకుంట పక్కకి వంచుతది, పొడుగు పిడి ఉన్న గడ్డపారతోని లేపినట్టు. బాక్స్ బోల్టుల దగ్గర చాసిస్ మీద పెయింట్ వెంట్రుకంత సన్నగ చీలి ఉంది. మట్టి అనుకున్న, వైర్ బ్రష్ కొట్టి కిరసనాయిలుతో తుడిచి, ఒకర్ని లోపల కూసొని స్టీరింగ్ అటుఇటు తిప్పమని కింద టార్చ్ పట్టుకొని చూసిన. ఆ చీలికల నుంచి కిరసనాయిలు బుడగ లెక్క బయటికి వస్తుంది, లోపలికి పోతుంది. పెయింట్ కాదు, ఇనుమే పగిలింది. ఆ రోజు బండి బయటికి పోనియ్యలే. జాతరకి వాళ్లు కిరాయి బండిల పోయిన్రు, తప్పు నాది కాబట్టి ఆ కిరాయిల సగం నేను పెట్టుకున్న, డ్రాప్ ఆర్మ్ పైసలు వాపస్ ఇచ్చిన.

జాతర అయినంక తొందర లేదు, కూసొని మొదటి నుంచి చూసినం. ముందు, ఎత్తు ఎక్కడెక్కడ నుంచి వచ్చిందో రాసిన. రెండు ఇంచుల పొడుగు షాకిల్ అంటే యాక్సిల్ దగ్గర దొరికేది ఒక్క ఇంచే, 25 మిల్లీమీటర్లు. కాని జిప్సీకి ముందు కట్టల షాకిల్ ముందు కొసకి ఉంటది, అక్కడ 50 మిల్లీమీటర్లు కిందికి దిగితే కట్ట మొత్తం ముందుకి వాలుతది, కట్ట పొడుగు 900 వేసుకుంటే ఆ వాలు మూడు డిగ్రీల పైననే. పోయిన క్యాస్టర్ కరెక్ట్‌గ అంతే! నేను వాలు ముక్కలు పెట్టి సరిచేసింది ఆ షాకిల్ చేసిన నష్టాన్నే. షాకిల్స్ తీసేస్తే క్యాస్టర్ దానంతట అదే వస్తది, నా ముక్కలు కూడా తీసేయొచ్చు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా జర తగ్గుతది, లింక్ వాలు కూడా 25 మిల్లీమీటర్లు తగ్గుతది. ఒక్క పనితోని మూడు లాభాలు, ఖర్చు పాత షాకిల్స్, కొత్త బుష్‌లు.

పోరడు ఒప్పుకోలే, "హైట్ పోతది అన్నా" అన్నడు. అప్పుడు బండి కింద పండుకోబెట్టి చూపించిన. వాగుల రాయి తగిలేది డిఫ్‌కి. షాకిల్ పెట్టినా, కట్టలు పైకి ఎక్కించినా డిఫ్ లేవదు, బాడీ మాత్రమే లేస్తది. డిఫ్‌ని లేపింది ఒక్క టైరే, అది కూడా 33 మిల్లీమీటర్లు. టైరు అట్లనే ఉంటది కదా మరి అన్న, అప్పుడు సరేనన్నడు. పొడుగు షాకిల్ గురించి నాతోని వాదించే ప్రతి ఒక్కరికీ ఇదే చూపిస్తున్న ఇప్పుడు.

ఇగ లింకేజ్. ఎత్తు ఆర్ముల పద్ధతే ఖాయం చేసినం, ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చు ఎక్కడ తగ్గించొద్దు అన్నదే అసలు ఆలోచన. అతనికి తెలిసిన వెల్డర్ ఒకాయన పట్టీ కోసి పాత ఆర్ముల మీదనే వెల్డింగ్ చేసి ఎత్తు పెంచుతనని 6 వేలు అడిగిండు. నేను ఖరాఖండిగ వద్దన్న. అట్లాంటి గట్టి ఉక్కు మీద రోడ్డు పక్క వెల్డింగ్ కొడితే అతుకు పక్కన ఇనుము పెళుసు అయితది, చూస్తే మంచిగనే ఉంటది, ఒకరోజు చెప్పకుంట ఇరుగుతది. బ్రేక్ ఫెయిలైతే హ్యాండ్ బ్రేక్ ఉంటది, గేర్ ఉంటది, స్టీరింగ్ ఆర్మ్ ఇరిగితే చేతిల ఏమీ ఉండదు. ఆర్ములు మాత్రం ఈ బండికనే మెషిన్ చేసి అమ్మేవి తెప్పించినం, జత 15,500. వాటితో పాత కంటే 100 మిల్లీమీటర్లు ఎత్తు వచ్చింది.

టై రాడ్, డ్రాగ్ లింక్ గొట్టాలు మాత్రం ఇక్కడనే లేత్ దగ్గర చేయించిన, 32 మిల్లీమీటర్ల సీమ్‌లెస్ గొట్టం, 6 మిల్లీమీటర్ల మందం, ఒక కొసకి కుడి థ్రెడ్, ఇంకో కొసకి ఎడమ థ్రెడ్, రెండూ కలిపి 3,200. ఇండ్ల వెల్డింగ్ లేదు, థ్రెడ్ సరిగ్గ పడ్డదా లేదా కంటితో చూడొచ్చు, అందుకే ధైర్యంగ లోకల్‌గ చేయించిన. ఇక్కడ లావు పనికొస్తది, టై రాడ్ రాయి తగిలి వంగకుంట. పోరడు మొదట అడిగింది తప్పు కాదు, దాని వంతు చివరికి ఉంది.

చివరలకి స్టీల్ రాడ్ ఎండ్‌లు, అదే హైమ్ జాయింట్ అంటరు, అవి వేయమని దోస్తులు చెప్పిన్రు. వద్దన్న. వాటికి రబ్బర్ బూటు ఉండదు, మన ఎర్రమట్టి దుమ్ము, వాగు నీళ్లు రెండూ నేరుగ లోపలికే పోతయి, ఒక్క వానాకాలంల టకటక మొదలైతది. మన దగ్గర ఏ స్పేర్ పార్ట్స్ షాపుల అయినా దొరికే మామూలు టై రాడ్ ఎండ్‌లే నాలుగు వేసినం, ఒక్కోటి 900. రాత్రి ఏటూరునాగారంల పోయినా పొద్దుగాల దొరకాలె, నాకు అదే లెక్క. ఒక్క జాగ్రత్త, దాని టేపర్, అంటే కొసకి సన్నబడే పిన్ను, ఆర్మ్ రంధ్రంల సరిగ్గ కూసోవాలె. టేపర్‌కి నీలం రంగు పూసి, లోపల పెట్టి ఒక్క తిప్పు తిప్పి తీస్తే చుట్టూ సమానంగ రంగు అంటాలె. మొదటిది ఒక పక్కనే అంటింది, షాపుల వాపస్ ఇచ్చి మార్చిన. అట్లనే బిగిస్తే నట్ టైట్ ఉన్నా లోపల ఊగుతనే ఉంటది.

చాసిస్ పగులు కొసలకి చిన్న రంధ్రం పెట్టి, వి ఆకారంల గ్రైండ్ చేసి, బ్యాటరీ వైర్లు విప్పినంకనే వెల్డింగ్ చేసి, మీద పట్టీ వేయించినం, 1,500. స్టాక్ పిట్‌మన్ ఆర్మ్ మళ్లీ పెట్టినం, సెక్టర్ సీల్ కొత్తది. అన్నీ బిగించినంక యాక్సిల్‌ని జాకీతో పైదాక లేపి ఈ కొస నుంచి ఆ కొస దాక స్టీరింగ్ తిప్పి చూస్తే టై రాడ్ కుడి దిక్కు చాసిస్‌కి తగిలేటట్టు ఉంది, యాక్సిల్‌ని మరీ పైకి రాకుంట ఆపే బంప్ స్టాప్‌లు 30 మిల్లీమీటర్లు కిందికి దించినం. ఇది చూడకుంట ఇచ్చి ఉంటే మొదటి పెద్ద గుంతకే లింక్ వంగేది. బ్రేక్ గొట్టాలు గుంజుకుంటున్నయా లేదా కూడా చూడాలె, అది యాక్సిల్ పూర్తిగ కిందికి వేలాడినప్పుడు. టో-ఇన్, అంటే ముందు చక్రాలు జర లోపలికి చూసుడు, 3 మిల్లీమీటర్లు పెట్టినం, క్యాస్టర్ ముక్కలు లేకుంటనే మూడున్నర వచ్చింది.

మళ్లీ చాక్‌పీసు గీత, మళ్లీ నలుగురు పోరలు బంపర్ మీద. ఎత్తు తేడా ఇప్పుడు 55 మిల్లీమీటర్లు, లెక్క ప్రకారం తోసుడు రెండు మిల్లీమీటర్ల లోపే. టైరు గీత మీదనే ఉంది, జర కదిలినట్టు కనవడుతది అంతే. పెద్ద డ్యాంపర్ విప్పేసి హైవే మీద 70 దాక పోయి చూసిన, డ్యాంపర్ లేకుంట కూడా ఊగకపోతేనే జబ్బు పోయినట్టు అని నా లెక్క. ఊగలే. తర్వాత మామూలు కంపెనీ డ్యాంపర్ పెట్టి ఇచ్చిన.

లింకేజ్ వరకు 22,300 అయింది, బేరింగ్‌లు, పగులు పని, బుష్‌లు, సీల్ కలుపుకుంటే 30 వేల దగ్గర. పోరడు ముందు పోగొట్టుకున్న 14 వేలు, నా వాలు ముక్కల 1,400 ఇండ్ల కలపలే. ఇప్పుడు లిఫ్ట్ బండి ఏది వచ్చినా ముందు టేపు పట్టుకొని డ్రాగ్ లింక్ రెండు కొసల ఎత్తు రాసుకుంట, స్ప్రింగ్ బ్యాలెన్స్ తీస్త, క్యాస్టర్ కొలుస్త, కొలతలు కాగితం మీద పడ్డంకనే ఏ పార్ట్ కొనాలె అన్న మాట తీస్త. కాయిల్ స్ప్రింగ్ ఉన్న జిమ్నీ అసొంటి బండ్లకి ఈ లెక్క అట్లనే పెట్టొద్దు, వాటికి యాక్సిల్ పక్కకి జరగకుంట పట్టే పాన్‌హార్డ్ రాడ్ ఉంటది, డ్రాగ్ లింక్ దానికి సమాంతరంగ ఉండాలె, ఒకదాన్ని దించి ఇంకోదాన్ని వదిలేస్తే లేని రోగం తెచ్చుకున్నట్టు.

నాలుగు నెలలకి చెకప్‌కి తెచ్చిండు, నేనే రమ్మన్న. ఆర్ముల బోల్టులు రెండు పావు చుట్టు పట్టినయి, మార్కర్‌తో మళ్లీ గుర్తు పెట్టిన. చాసిస్ పట్టీ దగ్గర కిరసనాయిలు పూసి చూస్తే ఏం లేదు. డ్రాగ్ లింక్ ఎడమ కొస బూటు ముండ్లకంప తగిలి చిరిగింది, లోపల అప్పటికే మట్టి చేరింది, 900 పెట్టి అది మార్చినం. పార్కింగ్‌ల స్టీరింగ్ ఇంకా బరువుగనే ఉందన్నడు, ఆ టైరు సైజుకి పవర్ లేకుంట అది అట్లనే ఉంటది, గాలి 26 కంటే తగ్గించి రోడ్డు మీద తిప్పకు అని చెప్పిన. వాళ్ల నాయిన ఈసారి కుర్చీల కూసోలే, పని అయ్యేదాక బండిలనే ముందు సీట్ల పండుకున్నడు.